తరుగు

సూర్యాపేటలో ఒక తాత ఉండేవాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో కాటా గుమస్తాగా పనిచేసి, ఒంట్లో ఓపిక తగ్గాక కొడుకు దగ్గరికి వచ్చేశాడు. తూకం ఆయన చేతిలోనే ఉండేది. దోసిట్లో వడ్లు పోసుకుని, రెండు గింజలు పంటికింద కొరికి తేమ ఎంతుందో చెప్పేవాడు. తర్వాత మీటరు పెడితే ఒక పాయింటు అటో ఇటో. బస్తా మూతి దగ్గర గింజ మరీ ముద్దుగా కనబడితే మాత్రం ఒక్క మాటా అనేవాడు కాదు. ఇనుప గొట్టాన్ని బస్తా నడుములోకి గుచ్చి, లోపలి గింజలు తీసి, రైతు ముందే అరచేతిలో పోసి చూపించేవాడు. తాలు ఎక్కడుందో ఇద్దరికీ కనబడేది.

ఆ తాతకు ఒక కథ ఉంది. 1948 ఎండాకాలం. ఆయనకప్పుడు పదమూడేళ్లు. సూర్యాపేటకు అవతలి పల్లె వాళ్లది. గుట్టల్లో ఉన్న దళానికి రాత్రిపూట సద్ది మోసేవాడు. ఒక రాత్రి రజాకార్లు, నిజాం పోలీసులు ఊరిమీద పడ్డారు. సద్ది ఎక్కడికి పోతున్నదో చెప్పమని పిల్లవాణ్ణి చావడి ముందు వేపచెట్టుకు కట్టి చింతబరికెలతో కొట్టారు. పిల్లవాడు నోరు విప్పలేదు. దళం బతికింది. ఏటా సెప్టెంబరు 17న ఎవరో ఒకరు ఆయన్ని వేదిక ఎక్కించి, శాలువా కప్పి ఈ కథ చెప్పించేవాళ్లు.

పక్కింట్లో ఉండే రిటైరైన తెలుగు సారు ఒకరోజు అన్నాడు: “మీరు పోతే ఈ కథ పోతది. పుస్తకం రాయుండ్రి.”

తాత రెండు నోటుబుక్కులు నింపాడు. కోదాడ బస్టాండు దగ్గర జిరాక్సు, డీటీపీ సెంటరు నడుపుకునే మనవరాలికి పంపాడు. పది రోజుల తర్వాత తానే బస్సెక్కి వెళ్లి, అచ్చుకు ముందు ఒకసారి చూసుకుందామని ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ముప్పై ఒకటో పేజీ కాడ ఆగిన తాతా,” అందామె.

“అక్షరం తెలుస్తలేదా?”

“అన్నీ తెలుస్తున్నయి. అందుకే ఆగిన.” నోటుబుక్కు తిప్పి చూపించింది. “చూడు. నీ పెండ్లి కాడ నాలుగు కొట్టివేతలున్నయి. ఏ సంవత్సరమో మూడుసార్లు మార్చినవ్. సాగర్ కాలువ నీళ్లు మొదట చూసిన రోజు రాసేటప్పుడు ఎడమ పక్క, కుడి పక్క అని రెండు మాట్లు దిద్దినవ్. నాయినమ్మ చచ్చిపోయిన పేజీల ఇంకు అలికిపోయింది. ఈ ఒక్క పేజీల కొట్టివేత లేదు, దిద్దుడు లేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినవ్ తాతా?”

తాత మాట్లాడలేదు.

“ఇంకోటి. నీ బాల్యం నిండా మనుషులే. మీ అవ్వ, మీ బాపు, పాలేర్లు, బావి కాడ ఆడోళ్లు. ఈ పేజీల నువ్వూ పోలీసులే ఉన్నరు. అప్పుడక్కడ ఇంకెవరున్నరు?”

బస్తా మూతి దగ్గర గింజ మరీ ముద్దుగా ఉందని పసిగట్టినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు. పసిగట్టింది తన చేతి కింద పెరిగిన పిల్లే. తాత నోటుబుక్కు సంచిలో పెట్టుకుని లేచాడు. సూర్యాపేట బస్సెక్కలేదు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయే బస్సెక్కాడు.

మిర్యాలగూడలో రైలు పట్టాలకు అవతల హమాలీల వాడ ఉంది. అక్కడ ఒక రేకుల ఇంటి అరుగుమీద ముసలామె కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. తాత ఆమె ముందు నిలబడ్డాడు.

“గుర్తు పట్టినవా అక్కా?”

ఆమె చేతులు ఆగాయి. “నన్ను అక్కా అన్నవా పటేలా? గుర్తు పట్టకేం. ముప్పై ఏండ్లు ఒక్క మిల్లులనే పనిచేస్తిమి. నువ్వు కాటా కాడ, నేను కల్లంల వడ్లు ఊడ్చుకుంట. నేనొస్తుంటే నువ్వు ముఖం తిప్పుకునేటోనివి. నాకు తెల్వదనుకున్నవా?”

తాత అరుగు కింద, నేలమీద కూర్చున్నాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఆ రాత్రి తాను తమ ఇంట్లో గుమ్మిలో ఉన్నాడు. జొన్నల్లో గొంతుదాకా కూరుకుని, వెదురు తడికల సందులోంచి ఆమె అరుపులు విన్నాడు. పట్టుబడింది ఆమె. వెట్టి చేసే ఇంటి పిల్ల, తనకంటే ఏడాది పెద్దది. పోలీసు చర్య తర్వాత సంఘం నాయకులు ఊరికి వచ్చి, సద్ది మోసిన పిల్లగాడేడని అడిగితే అందరూ తనను చూపించారు. అది నిజమే. ‘దెబ్బలు తిన్నది నువ్వేనా బిడ్డా’ అని వాళ్లలో ఒకాయన తల నిమిరాడు. తాను తల ఊపాడు. ఆ ఊపిన తలే ఏడాదికేడాది పెరిగి ముప్పై ఒకటో పేజీ అయింది.

“ఇప్పుడు మార్చి రాస్త,” అన్నాడు తాత. “ఆ ధైర్యం నీదని రాస్త. నోరు విప్పంది నువ్వని రాస్త.”

ముసలామె చింతపండు పక్కన పెట్టింది. “అది గూడ అబద్ధమే.”

“అదేంది?”

“మా మేకపిల్ల తప్పిపోతే ఎతుక్కుంట గుట్టదిక్కు పోయిన. వచ్చేటప్పుడు పట్టుకున్నరు. సద్ది ఏడికి పోతదో నాకెవరు జెప్పిన్రు పటేలా? నీకు తెలుసు, మీ బాపుకు తెలుసు. నాకు తెల్వదు. తెల్వదంటే ఇనలే. నోరు విప్పలేదంటవేంది? మొత్తుకున్న. ఏడ్చిన. కాళ్లు పట్టుకున్న. ఊరంత ఇనబడేటట్టు విప్పిన నోరు.”

“ఇన్న,” అన్నాడు తాత.

“తెలిస్తే చెప్పేదాన్నో చెప్పకపోయేదాన్నో నాకూ తెల్వదు. దాన్ని ధైర్యమని రాయకు. ఏం తెల్వని పిల్లను కొట్టిన్రు. గంతే రాయి.”

కొంచెంసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. తర్వాత ఆ రాత్రి గురించే మాట్లాడుకున్నారు. తాతకు గుర్తున్నది కటిక చీకటి. ఆమె మాత్రం వెన్నెలంది, కొట్టేవాడి నీడ నేలమీద లేస్తూ పడుతూ ఉండటం చూశానంది. ఎంతసేపు వాదించుకున్నా తేలలేదు. వచ్చినవాళ్లు పదిమంది అని ఆయన, నలుగురే అని ఆమె. అదీ తేలలేదు.

“ఇంకోటి పటేలా. నన్ను ఇప్పినంక మా అమ్మను చావట్లకు తీస్కపోయిన్రు. నీకు తెలుసు. అది రాయకు. అది నాది గూడ గాదు, మా అమ్మది. ఆమె బతికినన్ని రోజులు ఒక్కనాడు ఆ మాట అనలే.”

తాత తల ఊపాడు. ఆ ఊపడం ఆమె చూసింది. “నోటితోటి చెప్పు,” అంది.

“రాయను అక్కా.”

లేవబోతుంటే ఆయన అడిగాడు, “మేకపిల్ల దొరికిందా?”

“తెల్లారి దానంతటదే ఇంటికొచ్చింది. అది రాసుకో.”

సూర్యాపేటకు తిరిగొచ్చి తాత ఈ సంగతంతా సారుకు చెప్పాడు. సారు మంచివాడు. ఆయన బాధ నిజమైన బాధే. “డెబ్బై ఏండ్లు ఊరు నమ్మిన కథ. ఇది ఇని పిల్లలు ధైర్యం నేర్చుకున్నరు. ఇప్పుడు మీరు గుమ్మిల దాక్కున్నరని రాస్తే వాళ్లకేం మిగులుతది? పోరాటాన్ని పలచన చేసేటోళ్ల చేతికి కట్టె ఇచ్చినట్టు గాదా?”

తాత చాలాసేపు ఆలోచించాడు. “సార్, పదమూడేండ్ల పిల్లగాడు గుట్టల్లోకి సద్ది మోసిండు. అది నిజం. అది చాలదా? మెరిగలు కలిపిన బియ్యం బస్తా గూడ నిండుగనే ఉంటది. వండుకున్నోనికి తెలుస్తది.”

పుస్తకం అచ్చయింది. ముప్పై ఒకటో పేజీ నాలుగు పేజీలైంది, కొట్టివేతల నిండా ఉన్న ఆ ప్రతిని మనవరాలు దాచుకుంది. ఆ రాత్రి గురించి తాత ఇలా రాశాడు: నేను గుమ్మిలో ఉన్నాను కనుక నాకు చీకటి గుర్తు, ఆమె చెట్టుకింద ఉంది కనుక ఆమెకు వెన్నెల గుర్తు, రెండూ రాస్తున్నాను. వచ్చినవాళ్లు ఎందరో తేలలేదు. మేకపిల్ల తెల్లారి ఇంటికొచ్చింది. తర్వాత చావట్లో ఒకటి జరిగింది, అది నాకు తెలుసు, అది చెప్పే హక్కు నాది కాదు.

ఆ ఏడు సెప్టెంబరు 17న ఆయన్ని వేదికమీదికి పిలిచారు. వెళ్లాడు. శాలువా కప్పించుకోలేదు. గుమ్మి సంగతితో మొదలుపెట్టాడు.

*

నీతి

మరుపుకు తరుగు తీయవచ్చు. ఇంకొకరి బస్తామీద మన గుర్తు వేసుకోకూడదు. ఈ కథ నీతి ఇదే అనుకుంటాను. కానీ ఇంత పొట్టిగా చెబితే ఇందులో ఉన్న కష్టం కనబడదు.

వడ్లు కొనేటప్పుడు సర్కారు 17 శాతం తేమను ఒప్పుకుంటుంది. మట్టి, రాళ్లు ఒక శాతం దాకా సహిస్తుంది. పొలంలోంచి వచ్చిన ధాన్యం అద్దంలా ఉండదని కొనేవాడికీ అమ్మేవాడికీ తెలుసు కనుకే ఆ లెక్క పుట్టింది. ఆ లెక్కకు మించి తరుగు కోస్తే రైతు రోడ్డెక్కుతాడు, అతని కోపం న్యాయం. జ్ఞాపకాన్ని కూడా నేను ఇలాగే చూస్తాను. డెబ్బై ఏళ్ల కిందటి రాత్రి వెన్నెలా చీకటా, వచ్చింది నలుగురా పదిమందా, చిన్నప్పుడు అవ్వ అన్నమాట సరిగ్గా ఏ మాట, ఇవన్నీ తేమ. ఆత్మకథలో సంభాషణలు చదువుతూ ‘యాభై ఏళ్ల తర్వాత మాటకు మాట ఎలా గుర్తుంది’ అని ఎవరైనా నిలదీస్తే నేను రాసినవాడి పక్కనే నిలబడతాను. అన్నీ రాయలేదని నిలదీసినా అంతే. క్వింటాలు వడ్లు మరపడితే 67 కిలోల బియ్యం ఇవ్వాలని మిల్లర్లకు లెక్క. మిగతాది ఊక, తవుడు, నూక. బతుకంతా పుస్తకంలోకి రాదు, రానక్కరలేదు.

తాత తప్పు తేమలో లేదు. తల ఊపిన క్షణంలో ఆయన ఒక మనిషిని చరిత్రలోంచి తీసేసి ఆ ఖాళీలో తాను నిలబడ్డాడు. అది పదమూడేళ్ల పిల్లవాడి భయంతో జరిగింది కనుక క్షమించవచ్చు. ఎనభై నాలుగేళ్ల చేతితో అదే రాసి అచ్చు వేయించి ఉంటే క్షమించలేం.

ఈ కథను సూర్యాపేట పక్క పల్లెలో పెట్టడానికి కారణం ఉంది. తెలుగునాట ఇంత చిన్న నేలమీద ఇన్ని జ్ఞాపకాల పుస్తకాలు పుట్టిన చోటు అరుదు. 1946 నుంచి 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి అందులో ఉన్నవాళ్లే రాశారు. రావి నారాయణరెడ్డి తన అనుభవాలు, జ్ఞాపకాలు రాశారు. పుచ్చలపల్లి సుందరయ్య గుణపాఠాలు రాశారు. దేవులపల్లి వెంకటేశ్వరరావు చరిత్ర రాశారు. 1948లో యూనియన్ సైన్యం వచ్చాక కూడా తుపాకీ దించకుండా ఉండటం సరైనదా అన్న దగ్గర వాళ్ల మాటలు కలవవు. రావి నారాయణరెడ్డికి అది పొరపాటు. సుందరయ్యకు అది తప్పనిసరి. దేవులపల్లికి విరమణే పొరపాటు. దీన్ని చూసి ‘ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు’ అనేవాళ్లు నాకు తారసపడ్డారు. తీర్పులు వేరైతే అబద్ధం కాదు. ఎక్కడ నిలబడి చూశామో చెప్పి రాసినంతకాలం మూడు పుస్తకాలూ నాకు కావాలి. గుమ్మిలోంచి చూసినవాడు గుమ్మిలో ఉన్నానని ఒక్క ముక్క చెబితే అతని చీకటి కూడా సాక్ష్యమే.

ఆ పుస్తకాల్లో నన్ను కలవరపెట్టేది వాళ్లు ఒకరితో ఒకరు విభేదించడం కాదు. అందరూ కలిసి ఒకేలా వదిలేసినవాళ్లున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, కూర్చుని, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసిన పుస్తకం. అందులో ధైర్యం ఉంది. దాంతోపాటు అడవిలో పసిబిడ్డను వదులుకోవాల్సి రావడం ఉంది, పోరాటం అయిపోయాక ‘ఇక ఇంటికి వెళ్లండి’ అన్నప్పటి అవమానం ఉంది. అది వచ్చేనాటికి పోరాటం ఆగి ముప్పై ఐదేళ్లు. అప్పటిదాకా నాయకుల పుస్తకాల్లో ఒక్క మాటా అబద్ధం లేకపోయి ఉండవచ్చు. అయినా వాటిని దీని పక్కన పెట్టి చదివితే తూకంలో ఎంత తక్కువ వచ్చిందో కనబడుతుంది. నిజాయితీ అంటే చెప్పిన మాట సరిగ్గా ఉండటం మాత్రమే అనుకుంటే మనకు ఆ లోటు ఎప్పటికీ తెలియదు.

తుంగతుర్తి పక్కన కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం సంగతి ఇక్కడ చెప్పాలి. దళంలో రాజక్క. నిజాం సర్కారు ఆమె తలకు పదివేల వెల కట్టింది. 1986 నాటి పుస్తకంలో ఆమె గొంతు ఉంది. ఆమె చెబుతుంటే ఇతరులు రాసిన ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. 2022 మార్చి 19న ఆమె కన్నుమూశారు. ఒకే మనిషి జ్ఞాపకం మూడు దశాబ్దాల తేడాతో రెండుసార్లు అచ్చులోకి రావడం మనకు దక్కిన అదృష్టం. అలాంటి రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. కొట్టివేతలున్న నోటుబుక్కు చదివినట్టు ఉంటుంది.

కల్పించాలనిపిస్తే? దానికీ దారి ఉంది. శ్రీశ్రీ ‘అనంతం’ రాసి దాన్ని ఆత్మచరిత్రాత్మక నవల అన్నాడు. ఆ ఒక్క మాటతో పాఠకుడికి బస్తా లోపల ఏముందో ముందే చెప్పినట్టయింది. అమెరికాలో జేమ్స్ ఫ్రే అనే రచయిత 2003లో తన మత్తు బతుకు గురించి ‘ఎ మిలియన్ లిటిల్ పీసెస్’ రాశాడు. కొన్ని గంటలు పోలీసు అదుపులో ఉన్నదాన్ని దాదాపు మూడు నెలల జైలుగా చేశాడు. 2006లో బయటపడ్డాక ప్రచురణకర్తలు పాఠకులకు డబ్బు వాపసు ఇస్తామనాల్సి వచ్చింది. ఆ పుస్తకాన్నే నవలగా వేసి ఉంటే ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు. మత్తులో కూరుకుని దారి వెతుక్కునే చదువరి ఒకడు అది జరిగిందని నమ్మి, ‘అతను బయటపడ్డాడు, నేనూ పడతాను’ అనుకుని ఉంటాడు. మోసపోయింది వాడు. నిజం అన్న ముద్రను నమ్మి చేయి పట్టుకున్నవాడికి మనం జవాబుదారీ. సూర్యాపేట సారుకు నా జవాబు కూడా ఇదే. పిల్లలకు ధైర్యం నేర్పడం కోసమే కదా ఆయన ఆరాటం. దెబ్బలకు ఏడవని పిల్లవాణ్ణి చూపిస్తే, ఏడ్చే పిల్ల తాను పిరికిదాన్ననుకుంటుంది. మొత్తుకున్న పిల్లను, సద్ది మోసి, భయపడి దాక్కున్న పిల్లవాణ్ణి చూపిస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

ఇక చావట్లో జరిగినదాని గురించి. దీనిమీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ‘నిజం కనుక రాశాను’ అన్నది ఇతరుల గాయాలు బయటపెట్టడానికి చాలిన కారణం కాదు. మన తప్పును మనం రాసుకోవచ్చు, ఎంత లోతుకైనా వెళ్లవచ్చు. అమ్మ చెప్పుకోని మాట, స్నేహితుడు తాగినప్పుడు చెప్పిన మాట, విడిపోయిన భార్య కన్నీళ్లు, ఇవి మన పుస్తకంలో ఉన్నంతమాత్రాన మన సొత్తు కావు. అలాగని ఏమీ జరగనట్టు గోడకు సున్నం కొట్టడమూ తప్పే. ‘ఇక్కడ ఒకటుంది, చెప్పే హక్కు నాది కాదు’ అని తాత రాసిన వాక్యంలో దాపరికం లేదు, దోపిడీ లేదు. అలాంటి వాక్యం ఒక్కటి రాయడానికి రచయితకు ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు.

1948లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభైకి దగ్గర. తుంగతుర్తి, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఫోన్లో రికార్డింగు నొక్కి ఎదురుగా కూర్చోండి. మొదటిసారి చెప్పేది అలవాటుగా చెప్పే కథ అవుతుంది, అడ్డం రాకుండా వినండి. వారం ఆగి మళ్లీ వెళ్లండి. ఈసారి కథ మధ్యలో ఆపి, “అప్పుడక్కడ ఇంకెవరున్నరు?” అని అడగండి. ఒక పేరు వస్తుంది. ఆ మనిషి ఏ ఊళ్లో, ఏ వాడలో ఉందో కనుక్కుని బస్సెక్కండి.